సెకండ్ హ్యాండ్ లారీ ట్యాంకులో పన్ను ఎగ్గొట్టిన ఇంధనం ఉందని అనుమానం: ఇప్పుడేం చేయాలి?

ప్రశ్న (పరకాల రైతుబండి)

అందరికీ నమస్కారం. మాది పరకాల దగ్గరి పల్లె. మక్కలు, వడ్లు, పత్తి ఎనుమాముల మార్కెట్‌కు చేర్చే పనికి ఇప్పటికే ఒక బండి నడుపుతున్నాను. రెండో బండిగా 2018 నాటి పన్నెండు టైర్ల లారీని ఒక మధ్యవర్తి ద్వారా మాట్లాడుకుని బయానా ఇచ్చాను. బండి మా ఇంటి ముందుకు వచ్చింది గానీ, ఆర్సీ ఇంకా పాత యజమాని పేరు మీదే ఉంది, ఫైనాన్స్ తీరినట్టు పత్రం కూడా రావలసి ఉంది.

ట్యాంకులో సగానికి పైగా ఇంధనం ఉంది. అమ్మినవారు దానికి డబ్బు అడగకుండా వదిలేస్తే మొదట సంతోషించాను. మా డ్రైవరు మూత తీయగానే గ్యాస్‌నూనె (కిరోసిన్) వాసన వస్తోందని చెప్పాడు. గాజు సీసాలో పట్టి చూస్తే మామూలు డీజిల్‌లాగా లేత పసుపు రంగులో లేదు, కొంచెం ఆకుపచ్చగా కనిపిస్తోంది. తెలిసిన బంకులో ఇంధనం సాంద్రత చూపే హైడ్రోమీటరు వేయించాను. 38 డిగ్రీల వేడి దగ్గర 796 చూపించింది. ఛాసిస్‌కు ఎడమవైపున కంపెనీది కాని రెండో ట్యాంకు ఒకటి వెల్డింగు చేసి ఉంది. క్యాబిన్‌లో దొరికిన చీటీల మీద లీటర్లు, రూపాయలు రాసి ఉన్నాయే తప్ప ఏ బంకు పేరూ లేదు.

ఇది రేషన్ కిరోసిన్ కలిపినదో, రోడ్డు పక్కన బయోడీజిల్ పేరుతో అమ్మేదో నాకు తెలియడం లేదు. దారిలో తనిఖీ జరిగి పట్టుబడితే బాధ్యత ఎవరిది? ఈ ఇంధనాన్ని ఏం చేయాలి? ఇంజను ఏ మేరకు పాడై ఉండవచ్చు? బేరాన్ని వదులుకోవాలా, నిలుపుకోవాలా? అనుభవం ఉన్నవారు చెప్పగలరు.

సమాధానం 1 (హనుమకొండ బంకు మేనేజరు)

ముందుగా ఆ 796 అనే అంకె గురించి చెబుతాను, ఎందుకంటే చాలామంది దాన్ని నేరుగా చూసి నిర్ణయానికి వచ్చేస్తారు. డీజిల్ సాంద్రతను ఎప్పుడూ 15 డిగ్రీల వేడికి మార్చి చూడాలి. వేడి ఒక్కో డిగ్రీ పెరిగేకొద్దీ సాంద్రత రమారమి 0.7 చొప్పున తగ్గుతుంది. మీరు చూసిన 38 డిగ్రీలకూ 15 డిగ్రీలకూ మధ్య తేడా 23, అంటే దాదాపు 16 కలపాలి. అప్పుడు మీ ఇంధనం సాంద్రత ఘనపు మీటరుకు 812 కిలోల దరిదాపుల్లో ఉంటుంది. బీఎస్ 6 (బండ్ల పొగ కాలుష్యానికి ఇప్పుడున్న ప్రమాణం) డీజిల్‌కు నిర్ణయించిన హద్దు 810 నుంచి 845 వరకు కనుక, మీ ఇంధనం అంచు మీద ఉన్నా హద్దు లోపలే ఉంది. ఖచ్చితమైన లెక్కకు ప్రతి బంకులోనూ ఉండే మార్పిడి పట్టికను చూడమనండి.

అలాగని దాన్ని మంచి డీజిల్ అని నేను అనడం లేదు. కిరోసిన్ తేలిక కనుక, అది ఎక్కువగా కలిస్తే సాంద్రత పడిపోతుంది, కానీ కలిపేవాడు దానితోపాటు బరువైన నూనె ఏదైనా పోస్తే అంకె మళ్లీ హద్దులోకి వచ్చేస్తుంది. బంకులో మేము చూసేది కూడా సాంద్రత హద్దులో ఉందా లేదా అన్నదే కాదు, ట్యాంకరు చలానా మీద రాసిన సాంద్రతకు 3 కిలోలకు మించిన తేడా ఉందా లేదా అన్నది. మీ ట్యాంకులోని ఇంధనానికి చలానా లేదు, పోల్చుకునే ఆధారం లేదు. కాబట్టి హైడ్రోమీటరు మీకు అనుమానాన్ని మిగులుస్తుందే తప్ప రుజువు ఇవ్వదు.

మంట అంటుకునే ఉష్ణోగ్రత చూసినా తేలదు, ఎందుకంటే మన ప్రమాణాల్లో డీజిల్‌కూ కిరోసిన్‌కూ కనీస హద్దు 35 డిగ్రీలే. రంగు విషయం మాత్రం పట్టించుకోవలసినదే. రేషన్ కిరోసిన్‌కు నీలం రంగు కలుపుతారు, పసుపు డీజిల్‌లో అది కలిస్తే మీరు చెప్పిన ఆకుపచ్చ వస్తుంది. అయితే ఆ రంగును పోగొట్టి అమ్మేవారూ ఉన్నారు కనుక, రంగు లేనంత మాత్రాన కల్తీ లేదని నమ్మకూడదు. బ్రిటన్ వంటి చోట్ల పొలం పనులకు ఇచ్చే తక్కువ పన్ను డీజిల్‌కే ఎరుపు రంగు వేస్తారు, ట్యాంకులో నమూనా తీయగానే అధికారికి తెలిసిపోతుంది. మన దగ్గర గనికి వెళ్లే డీజిల్‌కూ లారీకి పోసే డీజిల్‌కూ తేడా లేదు. గుర్తింపు పొందిన ప్రయోగశాల ఇచ్చే నివేదిక ఒక్కటే గట్టి ఆధారం. హైదరాబాద్‌లో డీజిల్‌కు మన దేశ ప్రమాణమైన ఐఎస్ 1460 ప్రకారం డీజిల్‌ను పరీక్షించే ప్రైవేటు ప్రయోగశాలలు ఉన్నాయి. నమూనాను గాజు లేదా అల్యూమినియం సీసాలో తీయండి, ప్లాస్టిక్ సీసా వాడకండి.

సమాధానం 2 (ఆటోనగర్ పంపు మేస్త్రి)

దయచేసి ఆ బండిని మళ్లీ స్టార్టు చేయకండి. 2018 బండి అంటే బీఎస్ 4, అందులో సాధారణంగా కామన్ రైల్ పంపు (డీజిల్‌ను ఎక్కువ ఒత్తిడితో ఇంజెక్టర్లకు పంపేది) ఉంటుంది. ఆ పంపుకూ ఇంజెక్టర్లకూ వేరే నూనె ఏదీ అందదు, లోపల తిరిగే భాగాలకు జారుడునిచ్చేది డీజిలే. కిరోసిన్ పలచన, దానికి ఆ జారుడు గుణం చాలదు. పాత తరం పంపులు కొంత కాలం ఓర్చుకునేవి, కామన్ రైల్ ఓర్చుకోదు. పైగా రేషన్ కిరోసిన్‌లో గంధకం 0.25 శాతం వరకు ఉండవచ్చు. బీఎస్ 6 డీజిల్‌లో అది పది లక్షల వంతుల్లో 10 వంతులకు మించకూడదు. కొత్త బండ్లలో పొగ శుద్ధి చేసే భాగాలను ఇది మరింత త్వరగా పాడు చేస్తుంది.

బేరం తేలకముందే ఒక పని చేయించండి. డీజిల్ ఫిల్టరును విప్పించి, కోయించి, లోపలి కాగితాన్ని ఎండలో పరచి చూడండి. మెరిసే రజను కనిపిస్తే పంపు అరిగిపోతున్నట్టే. తర్వాత ప్రతి ఇంజెక్టరు నుంచి వెనక్కి వచ్చే డీజిల్‌ను విడివిడిగా కొలిపించండి. ఒకదానిలో ఎక్కువ వస్తుంటే ఆ ఇంజెక్టరు పోయినట్టు, అన్నింటిలోనూ ఎక్కువ వస్తుంటే చాలాకాలం నుంచి ఇదే ఇంధనం వాడినట్టు అర్థం చేసుకోండి. ఇంజన్ ఆయిల్ డిప్‌స్టిక్ మీద గీతకంటే పైకి ఉండి, వాసన తేడాగా ఉంటే, పలచని ఇంధనం ఇంజన్ అడుగున ఆయిల్ ఉండే సంపులోకి దిగిందని అనుకోవాలి. ఈ పరీక్షలకు అయ్యే ఖర్చు ఒక పంపు మార్చే ఖర్చుతో పోలిస్తే ఏమంత కాదు. ఫలితాన్ని కాగితం మీద రాయించుకుంటే బేరంలో మీ మాటకు బలం వస్తుంది.

ట్యాంకులో కొంత టూ స్ట్రోక్ ఆయిల్ కలిపి, మంచి డీజిల్ నింపి, కొద్దికొద్దిగా కాల్చేయమని మీకు చాలామంది చెబుతారు. వారి మాట వినకండి. పంపు బాగుపడదు సరికదా, ట్యాంకులో ఉన్నది ఏమిటో తేల్చుకునే అవకాశం కూడా పోతుంది. నమూనా తీసిన తర్వాత ట్యాంకును పూర్తిగా ఖాళీ చేయించి, దింపించి, కడిగించి, ఫిల్టర్లూ వాటర్ సెపరేటరూ కొత్తవి వేయించి, ఆ తర్వాతే మంచి డీజిల్ పోయండి.

సమాధానం 3 (రవాణా కేసులు చూసే న్యాయవాది, హనుమకొండ)

పన్ను సంగతిని, కల్తీ సంగతిని వేరువేరుగా చూస్తే మీ సందేహం తేలికవుతుంది. డీజిల్ జీఎస్టీలో లేదు, దానిపై కేంద్ర ఎక్సైజ్ సుంకం, ఆపైన తెలంగాణ వ్యాట్ 27 శాతం పడతాయి. రేషన్ కిరోసిన్ మీద పడేది 5 శాతం జీఎస్టీ మాత్రమే. ఈ తేడాయే కల్తీ వ్యాపారానికి మూలం. అయితే కేసు వచ్చేది ప్రధానంగా పన్ను కింద కాదు, నిత్యావసర వస్తువుల చట్టం, 1955 కింద. 1993 నాటి కిరోసిన్ ఉత్తర్వు ప్రకారం రేషన్ కిరోసిన్‌ను వంటకూ దీపాలకూ తప్ప వాడకూడదు. పెట్రోలు, డీజిల్ అక్రమాలను నివారించే 2005 నాటి ఉత్తర్వు కల్తీని నిషేధిస్తుంది. ఉల్లంఘనకు ఆ చట్టంలోని 7వ సెక్షన్ సాధారణంగా మూడు నెలలకు తగ్గకుండా ఏడేళ్ల వరకు జైలు, జరిమానా విధిస్తుంది.

మీకు ముఖ్యమైనవి 6ఎ, 6బి సెక్షన్లు. సరుకుతో పాటు దాన్ని మోసిన బండిని కూడా జప్తు చేసే అధికారం కలెక్టరుకు ఉంది. తనకు తెలియకుండా, తన ప్రమేయం లేకుండా జరిగిందని, తానూ తన మనుషులూ తగిన జాగ్రత్తలన్నీ తీసుకున్నామని యజమాని రుజువు చేస్తే మాత్రం బండిని జప్తు చేయకూడదు. మీకు అనుమానం వచ్చింది, హైడ్రోమీటరు వేయించారు, ఇక్కడ రాశారు కూడా. ఇకమీదట ‘నాకు తెలియదు’ అనే మాట మీకు దక్కదు. మిగిలింది ‘జాగ్రత్త తీసుకున్నాను’ అనే మాట, దానికి కాగితాలు కావాలి.

కాబట్టి బండి మీ చేతికి వచ్చిన తేదీ, గంట, మీటరు రీడింగు, ట్యాంకులో ఉన్న ఇంధనం మట్టం రాసి, అమ్మినవారితోనూ మధ్యవర్తితోనూ సంతకం చేయించిన డెలివరీ రసీదు ఉండాలి. అది లేకపోతే ఈరోజే రాయించుకోండి. సంతకం పెట్టడానికి వారు వెనకాడితే, అదే విషయాన్ని రిజిస్టర్డ్ పోస్టులో వారికి లేఖగా పంపండి. చీటీలను పారేయకండి, ఫొటోలు తీసి భద్రపరచండి. ప్రయోగశాల నివేదిక కల్తీ అని చెబితే జిల్లా పౌర సరఫరాల అధికారికి రాతపూర్వకంగా తెలియజేయండి. మీరు ముందుగా వెళ్లి చెప్పడానికీ, రోడ్డు మీద తనిఖీలో బయటపడడానికీ చట్టం దృష్టిలో చాలా దూరం ఉంది.

ఇంధనాన్ని దింపి ఇనుప డ్రమ్ములో ఉంచడానికి భయపడనక్కరలేదు. పెట్రోలియం చట్టం ప్రకారం డీజిల్, కిరోసిన్ వంటి బి తరగతి ఇంధనాన్ని, ఏ పాత్రా 1000 లీటర్లకు మించనప్పుడు, 2500 లీటర్ల వరకు లైసెన్సు లేకుండా నిల్వ చేయవచ్చు. కానీ దాన్ని ట్రాక్టర్లకు అమ్మినా, ఊరికే ఇచ్చినా నేరం మీ మెడకు చుట్టుకుంటుంది. అధికారి నమూనా తీసుకుని అనుమతి ఇచ్చిన తర్వాత, కాలుష్య నియంత్రణ మండలి గుర్తింపు ఉన్న వ్యర్థ నూనె శుద్ధి సంస్థకు రసీదు మీద అప్పగించండి. మోరీలో గానీ, చెరువు గట్టున గానీ పారబోయకండి.

రెండో ట్యాంకు సంగతి వేరు. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం తయారీదారు ఇచ్చిన నిర్మాణాన్ని అనుమతి లేకుండా మార్చకూడదు. దాన్ని అమ్మినవారి ఖర్చుతో తీయించిన తర్వాతే యాజమాన్య మార్పిడికి వాడే 29, 30 ఫారాల మీద సంతకాలు జరగాలి. ఫైనాన్స్ తీరినట్టు ఫారం 35 చేతికి రాకుండా మిగతా సొమ్ము చెల్లించకండి. యాజమాన్య మార్పిడికి కొన్నవారు 30 రోజుల్లోగా దరఖాస్తు చేయాలి, బీమా బదిలీకి 14 రోజులే గడువు.

సమాధానం 4 (భూపాలపల్లి బొగ్గు లారీలు)

పేరు లేని చీటీలంటే నాకు వెంటనే గుర్తొచ్చేవి దారి పక్క షెడ్లలో బయోడీజిల్ బోర్డు పెట్టి, లీటరుకు బంకుకంటే తక్కువకు పోసే చోట్లు. నిజమైన బయోడీజిల్‌కు ఐఎస్ 15607 అనే ప్రమాణం ఉంది, డీజిల్‌లో కలపడం కోసం దాన్ని అమ్మడానికి కేంద్రం 2019 ఏప్రిల్‌లో మార్గదర్శకాలు ఇచ్చింది, అమ్మేవారికి రిజిస్ట్రేషన్ ఉండాలి, బిల్లు ఇవ్వాలి. ఇవేవీ లేని షెడ్డులో పోసేది పరిశ్రమలకు వెళ్లవలసిన ఏదో ఒక నూనె. మన దగ్గర బండి ఖర్చులో డీజిల్‌దే పెద్ద వాటా, కిరాయిలు పెరగడం లేదు, డ్రైవరు మీద ఒత్తిడి ఉంటుంది. ఆ కష్టం నాకు తెలుసు. అయినా చట్టబద్ధంగా బిల్లు మీద డీజిల్ కొని కిస్తీలు కట్టే చిన్న యజమాని కిరాయి పోటీలో ఓడిపోతున్నది ఈ షెడ్ల వల్లనే అని నేను గట్టిగా నమ్ముతున్నాను. అందుకే మీరు ఫిర్యాదు చేయడం మీ ఒక్కరి కోసం కాదు.

ఒక్క తేడా గమనించండి. మనవాళ్లు సిరొంచ వైపు, భోపాలపట్నం వైపు వెళ్లినప్పుడు పక్క రాష్ట్రం బంకులో ధర తక్కువగా ఉంటే ట్యాంకు నింపుకుని వస్తారు. ఆ రాష్ట్రంలో పన్ను కట్టిన డీజిల్‌ను బండి సొంత ట్యాంకులో, సొంత ప్రయాణానికి తెచ్చుకోవడంలో తప్పు లేదు. డ్రమ్ముల్లో తెచ్చి ఇక్కడ అమ్మితే అది వేరే సంగతి. మీ బండికి అదనంగా వెల్డింగు చేసిన ట్యాంకు అలాంటి అమ్మకానికే వాడారేమో అడగండి. పాత యజమాని ఏ రూట్లో నడిపారో ఫాస్టాగ్ స్టేట్‌మెంటు చూస్తే తెలుస్తుంది, అది అడిగితే ఇవ్వడానికి నిజాయితీపరుడు వెనకాడడు.

ప్రశ్నించినవారు (పరకాల రైతుబండి)

అందరికీ ధన్యవాదాలు. బండిని కదిలించలేదు. మేస్త్రి గారు చెప్పినట్టు ఫిల్టరు కోయించి చూస్తే రజను స్పష్టంగా కనిపించింది. ఇంజెక్టర్లన్నింటిలోనూ వెనక్కి వచ్చే డీజిల్ ఎక్కువగానే ఉంది. ఆ కాగితం చూపించగానే అమ్మినవారు డెలివరీ రసీదు మీద సంతకం పెట్టారు, అదనపు ట్యాంకు తీయించడానికి ఒప్పుకున్నారు, కానీ ఫాస్టాగ్ స్టేట్‌మెంటు ఇవ్వబోమన్నారు. నమూనా సీసాలకు సీలు వేయించి ప్రయోగశాలకు పంపాను. నివేదిక రాకముందే బేరం రద్దు చేసుకుని బయానా వెనక్కి అడగవచ్చా, లేక అప్పటిదాకా బండి నా దగ్గరే ఉండాలా?

సమాధానం 3 (రవాణా కేసులు చూసే న్యాయవాది, హనుమకొండ)

అడగవచ్చు, ఇంజను స్థితిని దాచిపెట్టి అమ్మారనడానికి మీ దగ్గర మేస్త్రి నివేదిక ఉంది. అయితే బండిని ఇప్పుడు ఇంధనంతో సహా తిరిగి ఇచ్చేస్తే, ఆ ట్యాంకు రేపు ఖాళీ అయి, మీ నమూనా ఎక్కడిదనే ప్రశ్న మీకే ఎదురవుతుంది. బయానా కోరుతూ లేఖ ఈరోజే పంపండి, అందులో ఫాస్టాగ్ స్టేట్‌మెంటు నిరాకరించిన సంగతి కూడా రాయండి. ప్రయోగశాల నివేదిక కోసం ఎదురుచూడకుండా, నమూనా పంపినట్టు రసీదు జతచేసి పౌర సరఫరాల అధికారికి దరఖాస్తు ఇవ్వండి. వారు వచ్చి తమ నమూనా తీసుకుని పంచనామా రాసిన తర్వాత బండిని అప్పగించండి, అప్పగించేటప్పుడు కూడా తేదీ, గంట వేసి రసీదు తీసుకోండి.