నిరాకరణవాదుల మాటలు మ్యూజియం గోడ మీద ఉండాలా, వద్దా?

దీపస్తంభం:
మ్యూజియంలో విద్యా కార్యక్రమాలు తయారుచేసే పని నాది. పద్నాలుగు, పదిహేనేళ్ల పిల్లల కోసం హోలోకాస్ట్ మీద, అంటే నాజీలు సుమారు 60 లక్షల మంది యూదులను చంపిన మారణహోమం మీద, రెండు గంటల సెషన్ రాస్తున్నాం. ఒక్క విషయం దగ్గర మా టీమ్ రెండుగా చీలిపోయింది. "అసలు జరగలేదు", "అంతమంది చనిపోలేదు" అని బుకాయించేవాళ్ల వాదనలను పిల్లలకు చూపించి, ఒక్కొక్కటీ ఖండించాలని కొందరంటున్నారు. ఆ మాటలకు మ్యూజియంలో చోటే ఇవ్వకూడదని మిగతావాళ్లు. పిల్లలు ఎలాగూ ఫోన్‌లో చూస్తున్నారు కదా! ఐక్యరాజ్యసమితి, యునెస్కో కలిసి 2022లో ఇచ్చిన నివేదిక ప్రకారం, టెలిగ్రామ్ యాప్‌లో హోలోకాస్ట్ గురించి ఉన్న పబ్లిక్ పోస్టుల్లో దాదాపు సగం దాన్ని కాదనేవో, వక్రీకరించేవో. అందుకే చూపించి ఖండించడమే మంచిదని నాకు అనిపిస్తోంది. మీరేమంటారు?

క్లాసుటీచర్:
దీపస్తంభం గారూ, నేను గట్టిగా వద్దనే అంటాను. తొమ్మిది, పది తరగతులకు చరిత్ర చెబుతాను. ఒక అబద్ధం పెట్టి దాని పక్కన నాలుగు పేరాల జవాబు పెడితే పిల్లలకు గుర్తుండేది అబద్ధమే. అది పొట్టిగా, సూటిగా ఉంటుంది. జవాబు పొడుగ్గా ఉంటుంది. పైగా గోడ మీద రెండూ పక్కపక్కన కనిపిస్తే ఇదేదో రెండు పక్షాల వాదన అనుకుంటారు. వాళ్లకు కావలసిందీ అదే. గెలవనక్కర్లేదు, వేదిక మీద కుర్చీ దొరికితే చాలు.

ఈ నిరాకరణవాదుల మీద పుస్తకం రాసిన అమెరికా చరిత్రకారిణి డెబోరా లిప్‌స్టాట్ వాళ్లతో చర్చకు కూర్చోనని మొదటి నుంచీ చెబుతూ వచ్చారు. అలాగని హోలోకాస్ట్‌ను కాదనే బ్రిటిష్ రచయిత డేవిడ్ ఇర్వింగ్ 1996లో లండన్‌లో ఆమె మీద పరువునష్టం దావా వేసినప్పుడు వెనక్కి తగ్గలేదు. ఆ కేసులో చరిత్రకారుడు రిచర్డ్ ఎవాన్స్ బృందం ఏం చేసిందో చూడండి. "జరిగిందా, లేదా" అనే గోదాలోకి దిగలేదు. ఇర్వింగ్ ఇచ్చిన ఫుట్‌నోట్లు పట్టుకుని మూలపత్రాల దాకా వెళ్లారు. అక్కడ ఏముంది, ఈయన ఏం రాశాడు అని పోల్చి చూశారు. ఇర్వింగ్ కావాలనే, పదేపదే ఆధారాలను వంకర తిప్పాడని 2000 ఏప్రిల్‌లో జడ్జి తేల్చారు. పిల్లలకు నేర్పాల్సింది ఆ పని, ఆ ఓపిక. ఇర్వింగ్ మాటలు కాదు.

సందేహి:
టీచర్ గారూ, మీరు చెప్పింది బాగానే ఉంది. కానీ పిల్లాడు అడిగితే ఏం చేస్తారు? ఉదాహరణకు ఇది: పోలండ్‌లో నాజీల మరణ శిబిరం ఉన్న ఆష్విట్జ్-బిర్కెనౌ స్మారకం దగ్గర ఒకప్పుడు 40 లక్షల మంది చనిపోయారని ఉండేది. 1990లో ఆ ఫలకాలు తీసేశారు. ఇప్పుడున్న వాటిలో సుమారు 15 లక్షలని ఉంది. "మరి మొత్తం 60 లక్షల్లోంచి 25 లక్షలు తగ్గించాలి కదా, ఎందుకు తగ్గించలేదు?" అని నెట్‌లో తిప్పుతున్నారు. ఈ ప్రశ్న వేసే పిల్లాడికి ద్వేషం ఉండాల్సిన పని లేదు. రెండు ఫలకాల ఫోటోలు పక్కపక్కన చూసి ఉంటాడు, అంతే. అతన్ని "అలాంటివి అడగకూడదు" అని కూర్చోబెడితే ఇక్కడేదో దాస్తున్నారనే అనుకుంటాడు. మ్యూజియం దాన్ని ముందే ఎత్తుకుని చెప్పడం నయం కాదా?

పాతకాగితం:
సందేహి గారూ, ఈ ప్రశ్నకు జవాబు చిన్నదే. ఆ 40 లక్షలు 1945లో సోవియట్ కమిషన్ వేసిన లెక్క. 60 లక్షల యూదుల లెక్క దాని మీద ఎప్పుడూ ఆధారపడలేదు. ఆష్విట్జ్‌లో చనిపోయిన యూదులు సుమారు 10 లక్షలని చరిత్రకారుడు రౌల్ హిల్బెర్గ్ 1961లోనే అంచనా కట్టారు. తర్వాత ఆష్విట్జ్ మ్యూజియం చరిత్రకారుడే, ఫ్రాన్సిషెక్ పైపర్, రవాణా లెక్కలన్నీ తిరగేసి కనీసం 11 లక్షల మంది చనిపోయారని, అందులో 10 లక్షల దాకా యూదులని తేల్చారు. తప్పు లెక్కను సరిచేసింది చరిత్రకారులు. ఇది గైడ్‌కు నోటికి వచ్చి ఉండాలి. గోడకు ఎక్కించాల్సిన అవసరం నాకు కనిపించదు.

దస్తావేజుల పనిలో ఉన్నవాడిగా నాదొక సూచన. గోడ నిండా ఆధారాలు పరచకుండా, ఒక్క కాగితం పిల్లల చేతికివ్వండి. నేనైతే హోఫ్లె టెలిగ్రామ్ ఇస్తాను. 1943 జనవరి 11న పోలండ్‌లోని లుబ్లిన్ నుంచి నాజీల ఎస్.ఎస్. దళం అధికారి హెర్మన్ హోఫ్లె పంపిన రేడియో సందేశం అది. బ్రిటిష్ వాళ్లు మధ్యలో పట్టుకుని డీకోడ్ చేశారు. దాని విలువ ఎవరికీ తెలియకుండా బ్రిటన్ ప్రభుత్వ దస్తావేజుల్లో పడి ఉండి, 2000లో బయటపడింది. అందులో నాలుగు అక్షరాలు, వాటి పక్కన అంకెలు. ఎల్ 24733, బి 434508, ఎస్ 101370, టి 71355. 1942 చివరికి మొత్తం 1274166. ఎల్ అంటే లుబ్లిన్, మిగతావి బెల్జెత్స్, సోబిబోర్, ట్రెబ్లింకా. ఆ శిబిరాలకు తీసుకొచ్చిన యూదుల లెక్క అది.

పిల్లల్ని కూడమనండి. 631966 వస్తుంది. కింద రాసిన మొత్తంతో కలవదు. ఎందుకు కలవలేదో వాళ్లనే వెతకనివ్వండి. ఎవరో ఒకరు టి దగ్గర ఒక అంకె జారిపోయిందని పట్టుకుంటారు. 71355 చివర ఇంకో 5 పెడితే, 713555, లెక్క సరిగ్గా సరిపోతుంది. అప్పుడు రెండో కాగితం ఇవ్వండి. ఎస్.ఎస్. అధిపతి హిమ్లర్ కోసం గణాంకాధికారి రిచర్డ్ కొర్హెర్ 1943లో తయారుచేసిన నివేదిక. అందులోనూ అదే 1274166. ఒకటి శత్రువు చేతికి చిక్కి దశాబ్దాలు మూలన పడి ఉన్న సందేశం, ఇంకొకటి నాజీల సొంత ఫైలు. ఈ పని చేతులతో చేసిన పిల్లాడి ముందు ఎవడైనా వచ్చి "అన్నీ తర్వాత కల్పించారు" అంటే ఏం అడగాలో ఆ పిల్లాడికి తెలుస్తుంది.

సందేహి:
ఇది నాకు నచ్చింది. అయితే "చూశారా, అంకె తప్పు, కాబట్టి కాగితమే నకిలీ" అనేవాళ్లు కూడా వస్తారు. ఆ మాట సెషన్‌లో మీరే ఎత్తండి. నేను అడుగుతున్నదీ అంతవరకే.

గైడ్‌పని:
ఇంతసేపూ అందరూ రుజువుల గురించే మాట్లాడుతున్నారు. రుజువులు ముఖ్యమే, కానీ నా బాధ వేరు. 60 లక్షల మందిని చంపారని పూర్తిగా నమ్మి కూడా యూదులను ద్వేషించేవాళ్లున్నారు. మా దగ్గరికి వచ్చిన ఒకబ్బాయి అంతా శ్రద్ధగా చూసి, చివర్లో "నిజమే, పాపం. కానీ ఇప్పుడు బ్యాంకులన్నీ వాళ్లవే కదా?" అన్నాడు. గ్యాస్ ఛాంబర్ ఎలా పనిచేసిందో చెప్పాను గానీ, ఆ ప్రశ్న ఎక్కడి నుంచి పుట్టిందో మా సెషన్‌లో ఒక్క ముక్క లేదు.

ప్రపంచాన్ని యూదులు రహస్యంగా నడుపుతున్నారని చెప్పే నకిలీ పత్రం 1903లో రష్యాలో అచ్చయింది. వేరే పుస్తకంలోంచి ఎత్తి రాశారని లండన్ టైమ్స్ పత్రిక 1921లోనే బయటపెట్టింది. అయినా ఆగలేదు. నిరాకరణ కూడా ఆ కథ కొనసాగింపే. హోలోకాస్ట్ అబద్ధం కావాలంటే ఇన్ని దేశాల దస్తావేజులు, కోర్టులు, సాక్షులు, చివరికి నేరం ఒప్పుకున్న నాజీలు, అందరినీ యూదులే ఆడించి ఉండాలి. అంటే ద్వేషం ముందు వచ్చింది, చరిత్ర మీద అనుమానం తర్వాత వచ్చింది. ఈ వరస పిల్లలకు చెప్పకపోతే మనం కొమ్మలు నరుకుతున్నట్టే, వేరు అలాగే ఉంటుంది.

ఇంకొకటి. పిల్లలు జీవితంలో మొదటిసారి ఒక యూదుణ్ని చూసేది శవాల గుట్ట ఫోటోలోనే అయితే అది మన లోపం. వార్సాలో 2014లో పోలిన్ మ్యూజియం ప్రధాన ప్రదర్శన తెరిచినప్పుడు, పోలండ్‌లో యూదుల వెయ్యేళ్ల బతుకును చూపించింది. పెళ్లిళ్లు, అంగళ్లు, పత్రికలు, రాజకీయ తగాదాలు. హోలోకాస్ట్ అందులో ఒక భాగం. మీ రెండు గంటల్లో కనీసం మొదటి అరగంట బతికిన మనుషులకు ఇవ్వండి.

తూర్పుగాలి:
బోస్నియా గురించి ఎవరూ ఎత్తలేదు కాబట్టి చెబుతున్నా. 1995 జూలైలో స్రెబ్రెనిత్సాలో 8,000కు పైగా బోస్నియా ముస్లిం పురుషుల్ని, పిల్లల్ని చంపారు. తర్వాత నెలల్లో యంత్రాలతో ఆ గుంతలు తవ్వి శవాల్ని వేరే చోట్లకు తరలించారు. అందుకే ఒకే మనిషి ఎముకలు రెండు మూడు గుంతల్లో దొరికాయి, డీఎన్ఏతో కలపాల్సి వచ్చింది. నాజీలు కూడా 1942 నుంచే శవాలను తవ్వితీసి కాల్చేశారు, ఆ పనికి 1005 అనే సంకేత సంఖ్య పెట్టుకున్నారు. నిరాకరణ ఎవరో తర్వాత తెచ్చిన "అభిప్రాయం" కాదు, నేరంలోనే భాగం. సెషన్‌లో దీన్నే ముందు పెడితే గోడ మీద ఎవరి మాటలుండాలన్న గొడవే ఉండదు.

పాతకాగితం:
తూర్పుగాలి గారూ, మీరు చెప్పినదానికి రెండో వైపు కూడా ఉంది. చంపేవాళ్లు చెరిపేస్తారని బాధితులకు అప్పుడే తెలుసు. నాజీలు యూదులను బంధించి ఉంచిన వార్సా ఘెట్టోలో చరిత్రకారుడు ఇమాన్యుయేల్ రింగెల్‌బ్లుమ్ బృందం డైరీలు, పోస్టర్లు, రేషన్ కార్డులు, పిల్లల వ్యాసాలు పోగుచేసి పాతిపెట్టింది. 1946లో రేకు పెట్టెలు, 1950లో రెండు పాల క్యాన్లు దొరికాయి. మూడో భాగం ఇప్పటికీ దొరకలేదు. పిల్లలు ఆ వ్యాసాల్ని చదవాలి. గైడ్‌పని గారు అడిగిన బతికిన మనుషులు అక్కడే ఉన్నారు. స్రెబ్రెనిత్సాను మాత్రం అదే సెషన్‌లో కుక్కకండి. దానికి విడిగా సమయం ఇవ్వాలి.

దీపస్తంభం:
మొదటి అరగంట పోలండ్ యూదుల జీవితం, తర్వాత చెరిపివేత, ఆ తర్వాత హోఫ్లె టెలిగ్రామ్ పని. 40 లక్షల ఫలకం లాంటివి గోడ మీద పెట్టను, గైడ్‌ల చేతిలో ఉంచుతాను. ఫోన్‌లో చూసిన పోస్టు గురించి మాట్లాడే భాగాన్ని పూర్తిగా తీసేయడానికి మాత్రం నాకింకా మనసొప్పడం లేదు.

క్లాసుటీచర్:
తీసేయమనట్లేదండీ, మా టీచర్లకు ఇవ్వమంటున్నాను. పిల్లలు మ్యూజియంలో అపరిచితుడైన గైడ్‌ను అడగరు. తిరుగు ప్రయాణంలో బస్సులోనో, వారం తర్వాత క్లాసు అయిపోయాకో మమ్మల్ని అడుగుతారు. అప్పుడు మా దగ్గర జవాబు లేకపోతే మీ రెండు గంటలూ వృథా. పిల్లల కంటే ముందు ఒక పూట మమ్మల్ని పిలవండి. ఆ టెలిగ్రామ్ అంకెలు మా చేత కూడించండి, ఫలకం ప్రశ్న మమ్మల్ని అడగండి. ఆ ట్రైనింగ్ లేకుండా ఏ స్కూలుకూ టికెట్లు ఇవ్వమని రూల్ పెట్టినా నాకు అభ్యంతరం లేదు.