‘చెట్టు ముందర’ అంటే ఎటు? మనుషుల పరీక్ష, రోబో పరీక్ష ఒకే ప్రాజెక్టులో – సలహా కావాలి

అనంత_ఎంటెక్ (అనంతపురం)

అందరికీ నమస్కారం. మాది ముగ్గురి జట్టు: కంప్యూటర్స్, సైకాలజీ, తెలుగు. చేతిలో ఆరు నెలలు ఉన్నాయి. ముందర, వెనక, పక్కన, అవతల, ఎగువ లాంటి మాటలు విన్నప్పుడు మనుషులు ఏ తావును అనుకుంటారో అనంతపురం టౌన్లో కొందరితో, చుట్టుపక్కల పల్లెల్లో కొందరితో పరీక్షించాలి. అవే మాటలు చిన్న రోబోకు చెప్పి అది ఎక్కడికి పోయి నిలబడుతుందో చూడాలి. రెండింటినీ పక్కపక్కన పెట్టి పోల్చాలి. ఇదీ ఆలోచన.

రోబోలో రాస్ప్‌బెర్రీ పై 4 (చిన్న కంప్యూటర్), ఆర్‌పీలైడార్ ఏ1 (లేజర్‌తో చుట్టూ దూరాలు కొలిచే లైడార్), 65 మి.మీ. చక్రాలు రెండు (మధ్య దూరం 160 మి.మీ.), చక్రం ఎంత తిరిగిందో లెక్కపెట్టే ఎన్‌కోడర్లు ఉన్నాయి. రోబోను నడిపే రోస్ 2 హంబుల్, తిరుగుతూ మ్యాపు గీసే స్లామ్ టూల్‌బాక్స్ అనే సాఫ్ట్‌వేర్లు వాడుతున్నాం.

మూడు సందేహాలు:
1. బల్ల మీద జంతువుల బొమ్మలు వరసగా పెట్టి, మనిషిని వెనక్కి తిప్పి మళ్లీ పెట్టించే పరీక్ష ఉంది కదా. దాన్ని ఇక్కడ ఎట్లా చేయాలి, ఒక్కొక్కరితో ఎన్నిసార్లు?
2. ఇంగ్లీషు డేటాసెట్‌ను తెలుగులోకి అనువాదం చేసి రోబోకు నేర్పితే సరిపోతుందా?
3. 40 మీటర్ల వరండా మ్యాపులో 34 మీటర్లే వస్తోంది. చుట్టూ తిరిగి బయలుదేరిన చోటికే వచ్చినా మొదలూ చివరా కలవడం లేదు. ఎందుకు?

దిక్కులమాట (కడప)

మొదటిదానికి చెప్తాను. పరీక్ష కంటే ముందు ఒకటి తేల్చుకోండి తమ్ముడూ. ‘ముందర’ అనేది ఒక తావు పేరు కాదు. ఎవరి ముఖాన్ని లెక్కలోకి తీసుకున్నామో దాన్ని బట్టి తావే మారిపోతుంది.

‘ఇంటి ముందర’ అంటే వాకిలి ఉన్న పక్క. చెప్పే మనిషి పెరట్లో నిలబడి చెప్పినా అదే. ఇది వస్తువు సొంత లెక్క. చెట్టుకు వాకిలి లేదు, కాబట్టి ‘చెట్టు ముందర’ అంటే మనకూ చెట్టుకూ నడుమ. ఇది చూసేవాళ్ల లెక్క. ఇదైనా అన్ని భాషల్లో ఒకటి కాదు. ఆఫ్రికాలోని హౌసా భాషలో చెట్టుకు ఆ పక్కనున్న దాన్నే ‘ముందు’ అనడం మామూలు. ఇక ‘చెట్టుకు తూర్పున’ అన్నామంటే మనం ఎటు తిరిగినా మారదు, అది దిక్కుల లెక్క. మన ఇవతల, అవతల చూసేవాళ్లను బట్టే పోతాయి కానీ కుడి ఎడమల జోలికి పోవు. ఎగువ, దిగువ నేల వాలును, నీటి పారుదలను పట్టుకుంటాయి. మెక్సికోలో త్సెల్తాల్ మాట్లాడే కొండ ఊళ్లలో బల్ల మీది గిన్నెలకు కూడా ఎగువ, దిగువ అనే చెప్తారు. ఆస్ట్రేలియాలోని గూగు యిమిదిర్ భాష కుడి ఎడమల పని కూడా దిక్కులతోనే నడిపిస్తుంది. భాషా పరిశోధకుడు స్టీఫెన్ లెవిన్‌సన్ బృందం 1990ల్లో దేశదేశాల్లో చేసిన పని ఇదే. అందులో ఎరిక్ పెడర్సన్ తమిళం చూశారు. పల్లెవాళ్లు దిక్కులతో, పట్నంవాళ్లు కుడి ఎడమలతో చెప్పడం ఎక్కువని గమనించారు. మన భాషకు ఇంత దగ్గరి భాషలో ఆ తేడా కనబడింది కాబట్టి టౌను, పల్లె అనే మీ పోలిక మంచి పోలికే.

ఇక పరీక్ష. ఒకే రకం బల్లలు రెండు, నడుమ 4–5 మీటర్ల దూరం. బొమ్మలు నాలుగు: ఆవు, గుర్రం, మేక, కుక్క. రెండు పక్కల నుంచి చూసినా ఒకేలా కనబడాలి. ప్రతిసారీ వాటిలో మూడింటిని ఒకదాని వెనక ఒకటి, తలలన్నీ ఒకే పక్కకు ఉండేట్టు పెట్టండి. మనిషి ఉత్తరం వైపు చూస్తున్నాడు, తలలు కుడికి అంటే తూర్పుకు ఉన్నాయి అనుకుందాం. బాగా చూడనిచ్చి, 30 సెకన్లు ఆగి, రెండో బల్లకు తీసుకుపోయి దక్షిణం వైపు నిలబెట్టండి. నాలుగు బొమ్మలూ చేతికివ్వండి. తలలు మళ్లీ తూర్పుకే పెడితే, అంటే ఇప్పుడు తన ఎడమకు, అది దిక్కుల లెక్క. తన కుడికే పెడితే చూసేవాళ్ల లెక్క.

నోటితో చెప్పాల్సింది ఒక్క వాక్యమే: ‘ఇవి ఎట్లున్నాయో అట్లే ఆ బల్ల మీద పెట్టండి’. కుడి, ఎడమ, దిక్కు, పక్క అనే మాటలు మీ నోట రాకూడదు. చెయ్యి చూపకూడదు. మొదట తిప్పకుండా ఒకసారి పెట్టించండి. అక్కడే వరస తప్పితే అది జ్ఞాపకం చిక్కు, లెక్క చిక్కు కాదు.

ఎన్నిసార్లంటే, తల అటో ఇటో రెండే అవకాశాలు కాబట్టి గుడ్డిగా పెట్టినా సగం కలుస్తాయి. 5 సార్లలో 4 కలిస్తే చాలనుకుంటే, ఊరికే పెట్టేవాళ్లు కూడా వందకు 19 మంది ‘దిక్కుల లెక్క’ అని నమోదైపోతారు. 8 సార్లు చేసి 7 కలవాలని పెట్టుకుంటే అది మూడున్నరకు దిగుతుంది. ఆ ఎనిమిది కాక రెండుసార్లు 90 డిగ్రీలే తిప్పి చేయండి. దిక్కుల లెక్కవాళ్ల వరస అప్పుడు అడ్డంగా కాకుండా తమ నుంచి నిలువుగా పోతుంది. చూడగానే తెలిసిపోతుంది, వాదనకు తావుండదు.

చెడిపోయేది ఎక్కువగా చోటు దగ్గరే. 2002లో లీ, గ్లైట్‌మన్ చూపించింది ఇదే: కిటికీ తెరిచినా, దగ్గర్లో ఒక గుర్తు కనబడినా అదే మనుషుల జవాబు మారొచ్చు. దానికి లెవిన్‌సన్ వాళ్లు గట్టిగా బదులిచ్చారు, ఆ వాదం ఇంకా నడుస్తోంది. టౌనువాళ్లను కాలేజీ హాల్లో, పల్లెవాళ్లను కళ్లంలో పరీక్షించారంటే మీరు కొలిచింది మనుషుల్ని కాదు, హాలునూ కళ్లాన్నీ. రెండు గుంపుల్నీ సగం లోపల, సగం బయట చేయండి. చదువు కూడా సరిసమానంగా ఉండాలి, కుడి ఎడమలు బడిలో బాగా దిద్దిస్తారు. ఇంకో మాట: వాస్తు వల్ల మనవాళ్లకు సొంత ఇంట్లో ఈశాన్యం, ఆగ్నేయం కళ్లు మూసుకున్నా తెలుసు. కాబట్టి వాళ్ల ఇంట్లో వద్దు. ‘ఉత్తరం ఎటు?’ అనే ప్రశ్న తప్పకుండా అడగండి, కానీ అన్నిటికంటే చివర. ముందే అడిగితే దిక్కులు గుర్తుచేసినట్టవుతుంది.

చక్రాల_లెక్క (కర్నూలు)

మూడోదానికి. ముందు ఎన్‌కోడర్ల లెక్క ఒక్కటే విడిగా చూడండి. వరండా ఆ చివర నుంచి ఈ చివరకు ఓడోమెట్రీ (చక్రాల తిరుగుడును బట్టి కట్టిన దూరం) 39–40 మీటర్లు చెప్తే చక్రాల తప్పు లేదు, లైడార్ స్కాన్లు కలిపే దగ్గరే పోతోంది. ఓడోమెట్రీ కూడా 34 చెప్తే చక్రం కొలత తప్పు ఇచ్చారు, లేదా ఎన్‌కోడర్ పల్సులు తప్పిపోతున్నాయి. మీరు చెప్పిన లక్షణాలకు మొదటిదే కారణం అయ్యుండాలి.

వరండా రెండు సమాంతర గోడలు. లైడార్‌కు అడ్డం తెలుస్తుంది, తిరుగుడు తెలుస్తుంది, నిలువున ఎంత జరిగామో తెలియదు. ఏ1 చూపు 12 మీటర్లు, కాబట్టి నడుమ ఉన్నప్పుడు ఏ చివరా కనబడదు. రెండు స్కాన్లూ ఒకేలా ఉంటే ‘పెద్దగా కదల్లేదు’ అని కలిపేస్తుంది, అట్లా వరండా కురచబడుతుంది. అట్టపెట్టెలు 3–4 మీటర్లకొకటి, ఒకటి కుడి గోడకు ఒకటి ఎడమ గోడకు, లైడార్ ఎత్తుకు తగిలేట్టు పెట్టండి. సెట్టింగుల్లో లేజర్ గరిష్ఠ దూరం 20 అని ఉంటే 12కు దించండి. అద్దాల తలుపులు, నున్నటి నల్లరాయి ఉన్నచోట కింద కాగితం అంటించండి. ఎండ నేరుగా పడే వరండాలో మధ్యాహ్నం పని పెట్టుకోవద్దు, దూరం చూపు పడిపోతుంది.

మొదలూ చివరా కలవకపోవడానికి కారణం వేరు. స్లామ్ టూల్‌బాక్స్ పాత చోటు కోసం వెతికే దూరం మామూలుగా 3 మీటర్లు. మీ మ్యాపు ఒక్క వరండాలోనే 6 మీటర్లు జారింది, పాత చోటు ఆ గిరిలో ఎట్లా దొరుకుతుంది? 8కి పెంచితే దొరుకుతుంది, కానీ ఒకేలాంటి తలుపులున్న చోట తప్పు తలుపుకు అతికిస్తుంది. అందుకే ముందు జారుడు తగ్గించి, తర్వాతే దూరం పెంచండి.

ఓడోమెట్రీని మాత్రం వదిలేయొద్దు. ఒక చక్రం 65, ఇంకోటి 64.5 మి.మీ. ఉందనుకోండి. 4 మీటర్లు నేరుగా పోయేసరికి ఒక చక్రం ఇంకోదానికంటే 31 మి.మీ. ఎక్కువ నడుస్తుంది. దాన్ని 160తో భాగిస్తే దాదాపు 11 డిగ్రీల మలుపు. అర మిల్లీమీటరు తేడాకే ఇంత! బోరెన్‌స్టైన్, ఫెంగ్ పెట్టిన యూఎంబీమార్క్ పద్ధతి వాడండి. 4 మీటర్ల చదరం గీసి, గడియారం తిరిగే వైపు 5సార్లు, ఎదురువైపు 5సార్లు తిప్పి, ఆగిన తావును టేపుతో కొలవాలి. ఒక్కవైపే తిప్పితే చక్రాల సైజు తేడా, వాటి నడుమ దూరంలో తప్పు ఒకదాన్నొకటి కప్పేస్తాయి. నాపరాళ్ల బండల అతుకుల మీద చక్రం ఎగిరి జారుతుంది కాబట్టి అతుకులు తక్కువున్న గదిలో చేయండి.

మీ సైకాలజీ స్నేహితుడికి ఇక్కడే మంచి పోలిక ఉంది. 2006లో విట్‌లింగర్, వేనర్, వోల్ఫ్ ఎడారి చీమల కాళ్లకు మేత దొరికిన చోట పుల్లల్లాంటివి అతికించి కాళ్లు పొడవు చేశారు. తిరుగు దారిలో అవి పుట్టను దాటి ముందుకు పోయి వెతికాయి. కాళ్లు కురచ చేసిన చీమలు పుట్ట రాకముందే ఆగి వెతికాయి. అడుగుల లెక్క మారలేదు, అడుగు పొడవు మారింది. చక్రం సైజు తప్పు ఇచ్చిన రోబో చేసే తప్పు అక్షరాలా అదే. ఎలుకల మెదడులో తామున్న తావును లెక్కగట్టే గ్రిడ్ కణాల్లోనూ నడిచేకొద్దీ తప్పు పేరుకుంటుందనీ, గోడ తగిలినప్పుడు సర్దుకుంటుందనీ 2015లో హార్డ్‌కాసిల్, గంగూలీ, జొకోమో చూపించారు. మీ అట్టపెట్టెలు చేసే పని ఆ గోడ పనే.

మాటలమూట (ప్రొద్దుటూరు)

రెండోదానికి నా జవాబు: వద్దు. ‘ఆన్’ కనబడ్డ ప్రతిచోటా ‘మీద’ అని వేస్తే తెలుగు విరిగిపోతుంది. బల్ల మీద గ్లాసు, సరే. ఉంగరం మాత్రం వేలికి, టోపీ తలకి, చొక్కా కొక్కేనికి, కాయలు చెట్టుకి. ‘వేలి మీద ఉంగరం’ అంటే తొడగకుండా ఊరికే పెట్టినట్టు వినబడుతుంది. అంటిపెట్టుకుని, తగులుకుని ఉన్నదానికి మనం ‘కి’ వాడతాం. గొలుసు మళ్లీ మెడలో. ‘పైన’ తగిలినా తగలకపోయినా పనికొస్తుంది: బీరువా పైన పెట్టె, తల పైన ఫ్యాను.

క్లెవర్ (కంప్యూటర్ గీసిన గోళాలు, ఘనాల బొమ్మల మీద ఇంగ్లీషు ప్రశ్నలు) లాంటి డేటాసెట్‌లో ఉన్న స్థల సంబంధాలు నాలుగే: కుడి, ఎడమ, ముందు, వెనక. అన్నీ కెమెరా లెక్కే. గోళాలకూ ఘనాలకూ ముఖాలుండవు కాబట్టి వస్తువు సొంత లెక్క అందులో పుట్టదు. దాంతో నేర్చుకున్న యంత్రం ‘బస్సు ముందర’ దగ్గర బోల్తా పడుతుంది.

దానికి బదులు బవర్‌మన్, పెడర్సన్ తయారుచేసిన 71 గీతల బొమ్మలు తీసుకోండి. ఒక్కో బొమ్మ చూపి ‘ఫలానాది యాడుంది?’ అని అడిగి, జవాబును ఉన్నదున్నట్టు విభక్తితో సహా రాసుకోండి. 15 మందితో చేసినా వెయ్యికి పైగా వాక్యాలొస్తాయి. అనువాదం చేసిన లక్ష వాక్యాల కంటే ఈ వెయ్యి మీకు విలువైనవి.

పటం_దారం (కర్నూలు)

ఒక చిన్న పరీక్ష జోడించమంటాను. మనుషులకూ భాషా నమూనాలకూ (అడిగినదానికి మాటల్లో జవాబిచ్చే ఏఐ యంత్రాలు) ఒకటే ప్రశ్న వేయొచ్చు: ‘కోలారు, అనంతపురం – రెండింటిలో ఏది ఎక్కువ తూర్పున ఉంది?’ కర్ణాటక మనకు పడమర కాబట్టి అనంతపురం అనాలనిపిస్తుంది. రేఖాంశాలు చూస్తే అనంతపురం 77.6, కోలారు 78.1. అట్లాగే రాయచూరు, రాయదుర్గానికి తూర్పున ఉంది. స్టీవెన్స్, కూప్ 1978లో అమెరికా ఊళ్లతో ఇదే చూపించారు: ఊరి తావును నేరుగా గుర్తుంచుకోకుండా, అది ఉన్న రాష్ట్రం తావు నుంచి ఊహిస్తాం. యంత్రం కూడా అదే తప్పు చేస్తే అది మీ నివేదికలో గట్టి పేజీ అవుతుంది. ప్రశ్నను ఊళ్ల వరస మార్చి రెండుసార్లు అడగండి, మొదట చెప్పిన ఊరికే మొగ్గే అలవాటు ఉండొచ్చు.

వేలితో చూపించి డిగ్రీలు కొలిస్తే మామూలు సగటు తీయొద్దు. 350, 10 సగటు 180 వస్తుంది, నిజానికి అది 0. ప్రతి కోణానికీ సైన్, కొసైన్ తీసి విడిగా కూడి మళ్లీ కోణం చేయాలి. ఫోన్ దిక్సూచిని ఇనుప బల్ల మీద పెట్టి కొలవొద్దు.

ఒక హెచ్చరిక. న్యూరల్ నెట్‌వర్క్‌కు దారి లెక్క నేర్పితే గ్రిడ్ కణాల్లాంటివి వాటంతట అవే వచ్చాయని 2018లో పెద్ద పేరొచ్చింది. శాఫర్, ఖోనా, ఫియెటే 2022లో తిరగేసి చూస్తే, అవి చాలావరకు నెట్‌వర్క్‌ను జవాబు ఏ రూపంలో ఇమ్మని అడిగారన్న దాన్ని బట్టే వచ్చాయి. ‘మా రోబో మెదడులాగే ఆలోచిస్తోంది’ అని రాయాలనిపిస్తే ఆ పేపర్ చదివాకే రాయండి.

అనంత_ఎంటెక్ (అనంతపురం)

చాలా థ్యాంక్స్ అందరికీ. ఓడోమెట్రీ విడిగా చూశాం, 39.6 వచ్చింది. చక్రాల_లెక్క అన్న చెప్పినట్టు స్కాన్ దగ్గరే చిక్కు. ఒక్కటి మిగిలింది: రోబోకు ‘ముందర’ చెప్పినప్పుడు మూడు లెక్కల్లో ఏది ఇవ్వాలి?

దిక్కులమాట (కడప)

ఒకటే ఇవ్వొద్దు. ఒక పట్టిక పెట్టుకోండి. ఇల్లు, గుడి, బస్సు, కుర్చీ, మనిషి: ముఖం ఉంది. చెట్టు, బిందె, బండరాయి, స్తంభం: లేదు. ముఖం లేనివాటికి చూసేవాళ్ల లెక్క వేయండి, ఇక్కడ చూసేవాళ్లంటే మాట చెప్పేవాళ్లే. ముఖం ఉన్నవాటికి రెండు లెక్కలూ వేసి రెండు తావులూ గుర్తించండి. ఆ తావును చుక్కలాగా కాకుండా కోణం లెక్కన తీసుకోండి: నేరుగా ముందుంటే 1, పక్కకు జరిగేకొద్దీ కొసైన్ లెక్కన తగ్గి 90 డిగ్రీల దగ్గర 0. రెండు లెక్కల మార్కులు దగ్గర దగ్గరగా ఉన్నా తావులు వేరైతే రోబో కదలకుండా ‘బస్సు ముఖం పక్కనా, మీ పక్కనా?’ అని అడగాలి. మనుషులూ అడుగుతారు.

డేటా రాసేటప్పుడు ప్రతి వాక్యం పక్కన మూడు గడులు తప్పనిసరి: చెప్పేవాళ్లు ఎక్కడున్నారు, ఎటు చూస్తున్నారు, వస్తువు ముఖం ఎటుంది. ఈ మూడూ లేని వాక్యాన్ని తర్వాత ఎవరూ బాగుచేయలేరు. కాబట్టి మొదటి రోజు నుంచే రాయండి.