జీటీ 730కి డ్రైవర్ ఎక్కడం లేదు, “సరిపడే హార్డ్‌వేర్ కనబడలేదు” అంటోంది

నీలితెర (ప్రశ్న)

పాత డెస్క్‌టాప్‌లో జీఫోర్స్ జీటీ 730 కార్డు ఉంది. 2 జీబీ, డీడీఆర్3 రకం. విండోస్ 10, 64 బిట్ కొత్తగా వేశాను. డివైస్ మేనేజర్‌లో “మైక్రోసాఫ్ట్ బేసిక్ డిస్‌ప్లే అడాప్టర్” అనే వస్తోంది, రిజల్యూషన్ 1024 బై 768 దగ్గరే ఆగిపోయింది.

ఎన్విడియా సైట్‌లో జీఫోర్స్ 700 సిరీస్, జీటీ 730 అని ఎంచుకుని 475తో మొదలయ్యే డ్రైవర్ దింపాను. ఇన్‌స్టాలర్ ఫైళ్లన్నీ విప్పి, సిస్టమ్‌ని చెక్ చేసి, సరిపడే గ్రాఫిక్స్ హార్డ్‌వేర్ కనబడలేదని చెప్పి ఆగిపోతోంది. తర్వాత డ్రైవర్లు వెతికిపెట్టే సాఫ్ట్‌వేర్ ఒకటి నడిపితే అదేదో ఎక్కించింది. ఇప్పుడు కార్డు పేరు పక్కన పసుపు గుర్తు, లోపల కోడ్ 43 (పరికరంలో తేడా ఉందని విండోస్ దాన్ని ఆపేసిందనే ఎర్రర్). కార్డు పోయిందనుకోవాలా, డ్రైవర్ తేడానా?

పాతబోర్డు

డ్రైవర్ తేడా అయ్యే అవకాశమే ఎక్కువ. జీటీ 730 అనే పేరుతో వచ్చినవన్నీ ఒకే చిప్ కాదు. ఒక రకంలో జీఎఫ్108 అనే ఫెర్మీ తరం చిప్ ఉంటుంది: 96 కోర్లు, 128 బిట్ మెమరీ బస్సు. ఇంకో రకంలో జీకే208 అనే కెప్లర్ తరం చిప్: 384 కోర్లు, 64 బిట్ బస్సు. నేతిబీరలో నెయ్యి ఎంతో మొదటి రకంలో 700 సిరీస్ అంత. అది 400 సిరీస్ నాటి చిప్పే.

ఈ రెండు తరాలకీ డ్రైవర్లు వేరు. ఫెర్మీకి 391.35 ఆఖరు, 2018 మార్చిలో వచ్చింది. కెప్లర్‌కి 470 శాఖ (డ్రైవర్ వెర్షన్ల వరుస), అంటే 472, 474, 475తో మొదలయ్యేవి. మీరు సైట్‌లో పేరు ఎంచుకుంటే అది కెప్లర్ అనుకుని 475 ఇచ్చింది. ఇన్‌స్టాలర్ కార్డు పేరు చూడదు, ఐడీ చూస్తుంది. తన జాబితాలో ఆ ఐడీ లేకపోతే హార్డ్‌వేరే లేదంటుంది.

ముందు ఐడీ చూడండి. డివైస్ మేనేజర్‌లో డిస్‌ప్లే అడాప్టర్స్ కింద ఉన్న పేరు మీద రైట్ క్లిక్, ప్రాపర్టీస్, డీటెయిల్స్ ట్యాబ్. పైన ఉన్న జాబితాలో “హార్డ్‌వేర్ ఐడీస్” ఎంచుకోండి. వెన్ తర్వాతి నాలుగు అక్షరాలు తయారీదారు: 10డీఈ అయితే ఎన్విడియా, 1002 అయితే ఏఎండీ, 8086 అయితే ఇంటెల్. డెవ్ తర్వాతి నాలుగు అసలు చిప్. అక్కడ 0ఎఫ్02 ఉంటే ఫెర్మీ, 1287 ఉంటే కెప్లర్.

నీలితెర

వెన్_10డీఈ, డెవ్_0ఎఫ్02 అని ఉందండి. అంటే ఫెర్మీ అన్నమాట. ఇప్పుడున్న దాని మీదే 391.35 వేసేయొచ్చా?

పాతబోర్డు

నేరుగా వేయొద్దు. ఆ వెతికిపెట్టే సాఫ్ట్‌వేర్ ఏం ఎక్కించిందో తెలియదు కాబట్టి ముందు శుభ్రం చేయాలి. మామూలుగా కొత్త విండోస్‌లో ఈ పని అక్కర్లేదు, మీ విషయంలో మాత్రం తప్పదు.

391.35 ఫైలు, డీడీయూ (డిస్‌ప్లే డ్రైవర్ అన్‌ఇన్‌స్టాలర్) రెండూ ముందే దింపి పెట్టుకోండి, ఎందుకంటే తర్వాత నెట్ తీసేస్తాం. డ్రైవర్‌ని ఎన్విడియా సైట్ నుంచే తీసుకోండి. ఫైలు పేరులో డెస్క్‌టాప్, విన్10, 64బిట్ అన్న మూడు మాటలూ ఉండాలి. నోట్‌బుక్ అని ఉన్నది ల్యాప్‌టాప్‌లకు, అది దీని మీద ఎక్కదు. 32 బిట్ ఫైలుని 64 బిట్ విండోస్ మీద నడిపితే ఈ విండోస్ వెర్షన్‌కి పడదు అనే ఇంకో మెసేజ్ వస్తుంది, దానికీ కార్డుకీ సంబంధం లేదు.

ఆ వెతికిపెట్టే సాఫ్ట్‌వేర్‌ని తీసేయండి. నెట్ కేబుల్ పీకేయండి, వైఫై అయితే ఆపేయండి. ఇది మరిచిపోతే పాత డ్రైవర్ తీసి రీస్టార్ట్ అయ్యేలోపు విండోస్ అప్‌డేట్ తనకు తోచినది తెచ్చి పెట్టేస్తుంది, మీ శ్రమంతా మొదటికి వస్తుంది.

షిఫ్ట్ నొక్కి పట్టుకుని రీస్టార్ట్ కొట్టండి. ట్రబుల్‌షూట్, అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్, స్టార్టప్ సెట్టింగ్స్, మళ్లీ రీస్టార్ట్. వచ్చిన జాబితాలో 4 నొక్కితే సేఫ్ మోడ్. అక్కడ డీడీయూ తెరిచి, కుడివైపు జీపీయూ, దాని కింద ఎన్విడియా ఎంచుకుని “క్లీన్ అండ్ రీస్టార్ట్” నొక్కండి. తెర ఒకటి రెండు సార్లు నల్లబడుతుంది, కంగారు పడి పవర్ బటన్ నొక్కకండి.

మామూలుగా బూట్ అయ్యాక, నెట్ ఇంకా తీసే ఉంచి, 391.35 నడపండి. ఎక్స్‌ప్రెస్ కాకుండా కస్టమ్ తీసుకోండి. గ్రాఫిక్స్ డ్రైవర్ ఉంచండి. హెచ్‌డీఎంఐలో మానిటర్‌కి శబ్దం కూడా పంపుతుంటే హెచ్‌డీ ఆడియో ఉంచండి. జీఫోర్స్ ఎక్స్‌పీరియెన్స్, 3డీ విజన్ టిక్కులు తీసేయండి, ఈ కార్డుకి వాటితో పనిలేదు. కింద “క్లీన్ ఇన్‌స్టలేషన్” టిక్ పెట్టండి. అయ్యాక రీస్టార్ట్.

సరైనదే ఎక్కిందో లేదో చూడటానికి డివైస్ మేనేజర్‌లో డ్రైవర్ ట్యాబ్ తెరవండి. అక్కడ వెర్షన్ 23.21.13.9135 అని ఉంటుంది. చుక్కలు వదిలేసి చివరి ఐదు అంకెలు తీసుకుంటే 39135, అంటే 391.35. ఎన్విడియా డ్రైవర్లు చాలావాటికి ఇదే లెక్క పనిచేస్తుంది.

రిజిస్ట్రీరాయుడు

ఇంత అవసరమా? 475 ప్యాకేజీలోనే డిస్‌ప్లే.డ్రైవర్ ఫోల్డర్‌లో ఐఎన్ఎఫ్ ఫైలు తెరిచి 0ఎఫ్02 అని ఒక లైను చేరిస్తే ఇన్‌స్టాలర్ ఒప్పుకుంటుంది. కొత్త డ్రైవర్ దొరికినట్టే కదా.

పాతబోర్డు

ఒప్పుకుంటుంది, కానీ పనిచేయదు. ఐఎన్ఎఫ్ అనేది ఏ ఐడీకి ఏ ఫైలు అని చెప్పే చిట్టా మాత్రమే. చిప్‌ని నడిపే కోడ్ కెర్నల్ (సిస్టమ్ లోపలి కీలక భాగం) డ్రైవర్ ఫైలులో ఉంటుంది. 391 తర్వాతి శాఖల్లో ఫెర్మీ కోడ్ తీసేశారు. మీరు చిట్టాలో పేరు రాసినా లోపల ఆ చిప్ భాష తెలిసినవాడు లేడు. ఫలితం కోడ్ 43, లేదా బూట్‌లోనే నీలి తెర.

పైగా ఐఎన్ఎఫ్‌లో ఒక్క అక్షరం మార్చినా పక్కనున్న క్యాటలాగ్ ఫైలులోని సంతకంతో పొంతన కుదరదు. అప్పుడు స్టార్టప్ సెట్టింగ్స్‌లో 7 నొక్కి సంతకం తనిఖీ ఆపి ఎక్కించాలి.

ఐఎన్ఎఫ్ మార్పు నిజంగా పనికొచ్చేది ఒక్క చోటే: డ్రైవర్ శాఖ సరైనదే, చిప్‌కి అందులో మద్దతు ఉంది, కానీ ల్యాప్‌టాప్ కంపెనీ తన సొంత సబ్‌సిస్టమ్ ఐడీ (చిప్ ఐడీకి తోడుగా కంపెనీ పెట్టే గుర్తు) పెట్టడం వల్ల జాబితాలో పేరు లేదు. అక్కడ కూడా ముందు ఆ ల్యాప్‌టాప్ కంపెనీ ఇచ్చిన డ్రైవర్ వేసి చూడటం మేలు. ఇంటెల్, ఎన్విడియా రెండూ ఉన్న ల్యాప్‌టాప్ అయితే ఇంటెల్ డ్రైవర్ ముందు వేయాలి. తెరకి బొమ్మ పంపేది సాధారణంగా అదే.

రిజిస్ట్రీరాయుడు

ఒప్పుకుంటున్నా, కెర్నల్ ఫైలు సంగతి ఆలోచించలేదు. అయితే ఇంకో దారి చెబుతా, 391.35 సెటప్ కూడా మొరాయిస్తే పనికొస్తుంది. ఫైళ్లు సీ డ్రైవ్‌లో ఎన్విడియా అనే ఫోల్డర్‌లోకి విప్పుకుంటాయి, సెటప్ మధ్యలో ఆగినా సాధారణంగా అక్కడే ఉంటాయి. డివైస్ మేనేజర్‌లో కార్డు మీద రైట్ క్లిక్ చేసి అప్‌డేట్ డ్రైవర్, “బ్రౌజ్ మై కంప్యూటర్”, కింద ఉన్న “లెట్ మీ పిక్”, అందులో “హ్యావ్ డిస్క్”. ఆ ఫోల్డర్ లోపలికి వెళ్లి 391.35 కింద డిస్‌ప్లే.డ్రైవర్‌లో ఉన్న ఎన్‌వీ_డిస్పి అనే ఐఎన్ఎఫ్‌ని చూపించాలి. డ్రైవర్ ఒక్కటే ఎక్కుతుంది, కంట్రోల్ ప్యానెల్ రాకపోవచ్చు.

పని అయ్యాక నెట్ పెట్టేముందు విండోస్ అప్‌డేట్ డ్రైవర్ల జోలికి రాకుండా చేయండి. ప్రో ఎడిషన్‌లో గ్రూప్ పాలసీలో విండోస్ అప్‌డేట్ కింద “డు నాట్ ఇంక్లూడ్ డ్రైవర్స్ విత్ విండోస్ అప్‌డేట్స్” అన్నదాన్ని ఎనేబుల్ చేస్తే చాలు. హోమ్‌లో గ్రూప్ పాలసీ ఉండదు. సిస్టమ్ ప్రాపర్టీస్, హార్డ్‌వేర్ ట్యాబ్, డివైస్ ఇన్‌స్టలేషన్ సెట్టింగ్స్‌లో “నో” పెట్టండి. డీడీయూ ఆప్షన్స్‌లో కూడా ఇలాంటి టిక్ ఒకటి ఉంది. పెడితే గుర్తుంచుకోండి. రేపు కొత్త ప్రింటర్ తగిలించి డ్రైవర్ రావడం లేదని తల పట్టుకుంటే కారణం అదే.

పెంగ్విన్‌రెక్క

ఇదే కార్డు లినక్స్‌లో పెట్టుకునేవాళ్ల కోసం. ఫెర్మీకి లినక్స్‌లో ఆఖరి ఎన్విడియా డ్రైవర్ 390.157. దాని మద్దతు 2022తో ముగిసింది. కొత్త కెర్నల్‌తో డీకేఎంఎస్ (ప్రతి కెర్నల్‌కీ డ్రైవర్‌ని మళ్లీ తయారుచేసే ఏర్పాటు) మాడ్యూల్ కంపైల్ కాదు, లాగ్‌లో ఎర్రర్లు బారులు తీరతాయి. ఇంటర్నెట్‌లో దొరికే ప్యాచ్‌లతో లాక్కురావచ్చు, కానీ ప్రతి కెర్నల్ అప్‌డేట్‌కీ అదే తిప్పలు. నన్నడిగితే కెర్నల్‌లోనే ఉన్న నూవో అనే ఓపెన్‌సోర్స్ డ్రైవర్ చాలు. ఫెర్మీ మీద అది బూట్ అయినప్పటి క్లాక్ వేగంతోనే నడుస్తుంది కాబట్టి ఆటలకు పనికిరాదు, డెస్క్‌టాప్‌కి, రెండు మానిటర్లకి ఇబ్బంది లేదు.

నూవో ఉన్నా రిజల్యూషన్ తక్కువే వస్తుంటే రెండు చోట్ల చూడండి. ఇన్‌స్టాల్ చేసేటప్పుడు నల్ల తెర తప్పించుకోవడానికి పెట్టిన నోమోడ్‌సెట్ అనే బూట్ ఆప్షన్ గ్రబ్‌లో (లినక్స్‌ని బూట్ చేసే ప్రోగ్రామ్) అలాగే మిగిలిపోయిందా? అది ఉన్నంతవరకు నూవో లేవదు. రెండోది, ఎప్పుడో వేసి తీసేసిన ఎన్విడియా ప్యాకేజీ మోడ్‌ప్రోబ్ ఫోల్డర్‌లో నూవోని బ్లాక్‌లిస్ట్ చేసిన ఫైలు వదిలి వెళ్లిందా? ఉంటే తీసేసి ఇనిట్‌రామ్ ఇమేజ్ (బూట్‌లో ముందుగా లోడ్ అయ్యే ఫైలు) మళ్లీ తయారుచేసి రీబూట్ చేయాలి.

పిక్సెల్‌పురుగు

మిగతా పాత కార్డుల వాళ్లు కూడా ఇక్కడికి వస్తారు కాబట్టి. జీఫోర్స్ 8000, 9000, 200, 300 సిరీస్‌లకు విండోస్‌లో 342.01 ఆఖరు. 400, 500కి 391.35. 600, 700లో ఎక్కువ భాగం కెప్లర్, కానీ జీటీ 610, 620 ఫెర్మీ. జీటీఎక్స్ 750, 750 టీఐ ఇంకో తరం (మాక్స్‌వెల్), వాటికి కెప్లర్ తర్వాత కూడా చాలాకాలం డ్రైవర్లు వచ్చాయి. ఏఎండీలో రేడియాన్ హెచ్‌డీ 5000, 6000కి 15.7.1, లేదా 16.2.1 బీటా. హెచ్‌డీ 7000లోనూ ఇదే తిరకాసు: 7350, 7450 లాంటివి పేరు మార్చుకున్న పాత చిప్‌లు.

అసలు తెరే రాకపోతే అది డ్రైవర్ సమస్య కాదు. పాత కార్డుల బయాస్‌లో యూఈఎఫ్ఐ (కొత్త బూట్ పద్ధతి) భాగం ఉండకపోవచ్చు, కొత్త మదర్‌బోర్డులో సీఎస్ఎం (పాత బూట్ పద్ధతిని కూడా నడవనిచ్చే సెట్టింగ్) ఆపి ఉంటే బయాస్ తెర కూడా కనబడదు. సీఎస్ఎం ఆన్ చేయాలి. అయితే యూఈఎఫ్ఐలో వేసిన విండోస్ సీఎస్ఎం ఆన్ చేశాక కూడా బూట్ అవ్వాలంటే బూట్ వరుసలో యూఈఎఫ్ఐ ఎంట్రీయే పైన ఉండాలి. బయాస్ తెర మీదే రంగు గళ్లు, గీతలు కనబడుతుంటే మాత్రం కార్డు పోతున్నట్టే. ఆ దశలో విండోస్ డ్రైవర్ ఇంకా లోడ్ కూడా కాదు.

నీలితెర

391.35 ఎక్కింది, వెర్షన్ 23.21.13.9135 చూపిస్తోంది, కోడ్ 43 పోయింది, 1920 బై 1080 వచ్చింది. అందరికీ థ్యాంక్సండి. ఒక్కటి మిగిలింది: బ్రౌజర్‌లో 1080 వీడియోలు ఇంకా ఆగి ఆగి వస్తున్నాయి. డ్రైవర్‌లో ఇంకేమైనా మార్చాలా?

పిక్సెల్‌పురుగు

డ్రైవర్‌లో మార్చేదేం లేదు. ఫెర్మీ చిప్ హెచ్.264 అనే వీడియో ఫార్మాట్‌ని మాత్రం హార్డ్‌వేర్‌లో విప్పగలదు. వీపీ9, హెచ్ఈవీసీ, ఏవీ1 అనే కొత్త ఫార్మాట్లు దానికి చేతకావు. వీడియో సైట్లు ఎక్కువగా వీపీ9 లేదా ఏవీ1 పంపుతాయి, ఆ భారమంతా ప్రాసెసర్ మీద పడుతుంది. వీడియో నడుస్తుండగా టాస్క్ మేనేజర్ తెరవండి, సీపీయూ 90 దాటుతుంటే కారణం ఇదే. సైట్‌ని హెచ్.264 మాత్రమే పంపమని అడిగే బ్రౌజర్ ఎక్స్‌టెన్షన్లు ఉన్నాయి, ఒకటి వేసి బ్రౌజర్ సెట్టింగ్స్‌లో హార్డ్‌వేర్ యాక్సిలరేషన్ ఆన్‌లో ఉందో లేదో చూసుకోండి. క్వాలిటీ 1080 దాటించకండి, ఆ పైన హెచ్.264 సాధారణంగా దొరకదు.