డాబా మీద ఆనపపాదు, పిందె నిలవట్లేదు, ఎవరైనా చెప్పండి

దాసన్నపేట డాబా:
విజయనగరంలో చిన్న ఇల్లు మాది. మేడ మీద 20 లీటర్ల పెయింట్ డబ్బాల్లో ఆనప, బరబాటి, కనకాంబరం వేశాను. ఆనప పందిరంతా పాకింది, పువ్వులు బోలెడు, కానీ పిందె బొటనవేలంత అయ్యేసరికి పసుపెక్కి రాలిపోతోంది, ఇప్పటికి 18 పోయాయి. కనకాంబరం నీళ్ళు పోసినా వడిలిపోతోంది. బోరు నీళ్ళు కాస్త ఉప్పగా ఉంటాయి, అదేమన్నా కారణమా?

సిక్కోలు మాస్టారు:
15 ఏళ్ళుగా మేడ మీదే పండిస్తున్నాను, నా మాట వినమ్మా. మేడ మీదకి పురుగు రాక పుప్పొడి అందట్లేదు, అంతే. పొద్దున్నే 6 గంటలకి మగపువ్వు కోసి రేకలు తీసేసి ఆడపువ్వు మధ్యలో రుద్దు. పువ్వు కింద చిన్న పిందె ఉంటే అది ఆడది.

పొందూరు ఆడపడుచు:
మాస్టారూ, పొద్దున్న కాదండీ! ఆనప తెల్లపువ్వు సాయంత్రం విచ్చుకుంటుంది, తెల్లారేసరికి వాడిపోతుంది. రాత్రి తిరిగే రెక్కలపురుగుల కోసం పూసే పువ్వు అది. దీపాలు పెట్టే వేళకి చెయ్యాలి.

సిక్కోలు మాస్టారు:
నేను పొద్దున్న చేసే గుమ్మడికాయలు కాయించాను, ఒక్కోటి 5 కిలోలు. పుస్తకం చదివి చెప్పట్లేదు.

పొందూరు ఆడపడుచు:
నేనూ పుస్తకం చదివి చెప్పట్లేదండీ, మా అత్తగారు నేర్పింది చెప్తున్నాను. గుమ్మడి పొద్దున్నే పూస్తుంది, మీరు చేసింది దానికి సరే. బీర మళ్ళీ సాయంత్రమే, నేతిబీర పొద్దున్న. అన్నీ తీగలే కదా అని ఒకే లెక్క కడితే ఆ అమ్మాయి ఇంకో 18 పిందెలు పోగొట్టుకుంటుంది.

పలాస పెరడు:
పందిరి గట్టిగా కట్టారా లేదా ముందు అది చెప్పండి. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను వచ్చినప్పుడు మా పెరట్లో కాయలతో ఉన్న పొట్లపందిరి, నాలుగు కొబ్బరిచెట్లు ఒక్క రాత్రిలో పోయాయి. పొద్దున్న తలుపు తీస్తే వెలుతురు ఎక్కువగా ఉంది, చెట్లు లేవు కదా. ఇప్పటికీ అక్టోబరు వస్తే పందిరి తాళ్ళు రెండోసారి బిగిస్తాను.

సిక్కోలు మాస్టారు:
పొద్దున్న రుద్దితే ఆనప కూడా నిలిచింది నాకు, రెండుసార్లు.

పొందూరు ఆడపడుచు:
పూర్తిగా వాడకముందు చేసుంటారు, అప్పుడు ఒకోసారి పట్టుకుంటుంది. కాదనట్లేదు. తాజా పువ్వుకీ వాడిన పువ్వుకీ తేడా ఉంది అంటున్నాను.

మేడ మీద మల్లి:
ఇద్దరూ కాసేపు ఆగండి బాబూ. డబ్బాల అడుగున కన్నాలు ఉన్నాయా అని ఎవరూ అడగలేదు! మా స్లాబ్ కారిపోయి కింద గదిలో సున్నం పెచ్చులు ఊడిపోయాయి, మా ఆయన మొక్కలన్నీ దింపించేశారు, మల్లెపొద దింపిన రోజు నాకు అన్నం సయించలేదు. ఇప్పుడు ఇటుకల మీద ఎత్తుగా పెడుతున్నాను, మట్టి తగ్గించి కొబ్బరిపొట్టు, పెంటగత్తం కలుపుతున్నాను, బరువు చాలా తగ్గింది.

దాసన్నపేట డాబా:
నిన్న సాయంత్రం ఆరున్నరకి మేడెక్కాను. నిజంగానే నా కళ్ళ ముందే ఒక పువ్వు ముడత విప్పుకుంటూ తెరుచుకుంది, ఇన్ని నెలల్లో ఎప్పుడూ చూడలేదు, పొద్దున్న పూట వాడినవే చూసి అలాగే ఉంటాయి అనుకున్నాను. మూడింటికి రుద్ది గుర్తుకి ఎర్రదారం కట్టాను. పిన్నిగారూ, మీ అత్తగారికి దండాలు. మరి కనకాంబరం?

పలాస పెరడు:
పీకి వేళ్ళు చూడు. బుడిపెలుంటే వేళ్ళని పట్టే నులిపురుగు. ఆ మట్టి పారేసి, కొత్త మట్టిలో పక్కన బంతి కూడా వెయ్యి, ఆ పురుగు తగ్గడానికి.

దాసన్నపేట డాబా:
వారం అయింది. ఎర్రదారం కట్టిన మూడింట్లో రెండు నిలిచాయి, ఒకటి చారెడు అయింది. కనకాంబరం వేళ్ళకి బుడిపెలే, పూసలు గుచ్చినట్టున్నాయి. బంతినారు ఎవరిదగ్గరైనా ఉందా, ఆదివారం వచ్చి పట్టుకెళ్తాను.

సిక్కోలు మాస్టారు:
నా దగ్గర ముద్దబంతి ఉంది, రామ్మా. నేనూ ఈసారి సాయంత్రం చేసి చూస్తాను.