అప్‌డేట్: అమ్మ ఐఎన్ఆర్ దారికొచ్చింది

గుండె వాల్వ్ మార్చిన మా అమ్మ అసిట్రోమ్ (రక్తం గడ్డకట్టకుండా ఇచ్చే మాత్ర) వాడుతోందని, చిగుళ్ల నుంచి రక్తం వస్తోందని, ఐఎన్ఆర్ (రక్తం గడ్డకట్టడానికి ఎంత సమయం పడుతుందో చెప్పే టెస్టు; అంకె పెరిగితే రక్తస్రావం ముప్పు) 5.4 ఉందని, ఆకుకూరలు పూర్తిగా మాన్పించాలా అని అడిగాను కదా. "ఈమధ్య కొత్త మందు ఏదైనా వేశారా?" అని అడిగిన నర్సక్కకు చేతులెత్తి దండం. విషయం అక్కడే ఉంది. విరేచనాలకని మా ఊళ్లో ఒకరు మెట్రోనిడజోల్ ఇచ్చారు. అది అసిట్రోమ్ ప్రభావాన్ని బాగా పెంచుతుందట.

కర్నూలు డాక్టరు గారు చూసి కొన్ని డోసులు ఆపి, మళ్లీ మొదలుపెట్టించారు. ఇప్పుడు 2.9. మైట్రల్ (గుండె ఎడమవైపు గదుల మధ్య ఉండే వాల్వ్) చోట మెటల్ వాల్వ్ కాబట్టి 2.5 నుంచి 3.5 మధ్య ఉండాలన్నారు. అయితే సొంతంగా మాత్రం ఎవరూ అసిట్రోమ్ ఆపకండి, వాల్వ్ మీద రక్తం గడ్డకడితే ప్రాణానికే ముప్పు.

ఆకుకూర మాననక్కర్లేదు. ఆకుకూర ఈ మందు పనిని తగ్గిస్తుంది కాబట్టి, ఒక వారం రోజూ గోంగూర, ఇంకో వారం అసలు లేకుండా ఉంటేనే డోసు కుదరదు. సంగటిలోకి ఎప్పటిలాగే పప్పాకు చేస్తున్నాం, అమ్మ ముఖం వెలిగిపోయింది.

అక్కడి సిస్టర్ రక్తం తీశాక దూది ఐదు నిమిషాలు గట్టిగా అదిమి, ఎత్తి చూసి, చెమ్మ కనబడితే మళ్లీ అదిమింది. ఎంత ఓపికో! మెత్తటి బ్రష్ వాడమంది, కండకు సూదులు వద్దంది. నల్లటి విరేచనమైనా, తలకు దెబ్బ తగిలి రక్తం కనబడకపోయినా సరే, వెంటనే ఆసుపత్రికి రమ్మంది.

మోకాళ్ల నొప్పికి డైక్లోఫెనాక్ బంద్. బదులుగా ఏం వాడాలో వచ్చే టెస్టుకు వెళ్లినప్పుడు అడుగుతాను.