విలేకరి ఎన్నికల్లో నిలబడితే ఆమె పాత వార్తలను నమ్మొచ్చా?

బ్రాడీపేట రవి:
టీవీ జర్నలిస్టుగా ఏళ్లపాటు పనిచేసిన వీణా జార్జ్ 2016లో సీపీఎం తరఫున ఆరన్ముళలో గెలిచారు, 2021లో కేరళ ఆరోగ్య మంత్రి అయ్యారు. ఆమె సమర్థత మీద నాకు పేచీ లేదు. కానీ నిన్నటిదాకా అన్ని పార్టీలనూ నిలదీసిన మనిషి ఒక పార్టీలో చేరితే, ఆ పాత ప్రశ్నల్ని నేనెలా నమ్మాలి?

కృష్ణలంక పద్మ:
జనం నమ్మారు కదా రవి గారూ. మొదటిసారి 7,646 ఓట్ల మెజారిటీ, 2021లో 19,003. డాక్టర్ రాజకీయాల్లోకి వస్తే అంతకుముందు రాసిన మందుల చీటీలు చెల్లవంటారా?

తెనాలి శీను:
మధ్యలో 2019లో పత్తనంతిట్ట ఎంపీ సీటుకి ఓడిపోయారు. అది చెప్పరేం?

పద్మ:
ఓడారు, నిజమే. అదీ జనం ముందుకెళ్లే కదా.

రవి:
మెజారిటీ ఎంతని నేను అడగలేదమ్మా. జర్నలిస్టు సాగరికా ఘోష్ 2024లో తృణమూల్ తరఫున రాజ్యసభకు వెళ్లారు, అక్కడ జనం ఓటే లేదు. దానికేమంటారు?

పద్మ:
1960లో మన బెజవాడలో ఆంధ్రజ్యోతి మొదలైనప్పుడు సంపాదకుడు నార్ల వెంకటేశ్వరరావు గారు అప్పటికే రాజ్యసభ సభ్యుడు. ఆయన సంపాదకీయాలను మాత్రం నెత్తిన పెట్టుకుంటారు, ఆడవాళ్లు వెళ్తేనే మీకు అనుమానం వస్తుంది!

రవి:
ఆడా మగా అని తిప్పకండి. మా వీధి చివర చెరువు పోరంబోకు కబ్జా మీద మా నాన్న ఒక విలేకరికి కాగితాలిచ్చాడు. అతను మగవాడే. ఎన్నికలొచ్చేసరికి కండువా కప్పుకున్నాడు, నెల తిరక్కుండా ఆ కబ్జాదారు మా ఇంటికొచ్చి కాగితాలెవరిచ్చారో నాకు తెలుసన్నాడు. నాన్న ఆ తర్వాత ఎవరి మీదా నోరెత్తలేదు. నా బాధ వీణా జార్జ్ గురించి కాదు, రహస్యం చెప్పిన మనిషి ఏమవుతాడన్నదే.

శీను:
ఇది ముందే చెప్పాల్సింది అన్నా.

పద్మ:
అది ద్రోహమే, దాన్ని నేను సమర్థించను. నేను పదకొండేళ్లు మండల విలేకరిని. జీతం లేదు, లైన్ అకౌంట్, అంటే అచ్చయిన వార్త కొలతను బట్టి డబ్బు. దానికీ పండక్కి యాడ్ టార్గెట్. ఏ నాయకుడి మీద రాశానో ఆయన గుమ్మంలోనే యాడ్ కోసం నిలబడేదాన్ని. అలా బతికేదానికంటే బాహాటంగా పార్టీలో చేరి ఓటడగడం నయమని ఇప్పటికీ అంటాను. కానీ మీ నాన్నగారిలాంటి వాళ్ల పేర్లున్న డైరీలు నా బీరువాలోనే ఉన్నాయి. వార్డుకి నిలబడమని పార్టీ వాళ్లు వచ్చినప్పుడు కూడా అవి బయటికి తీయలేదు.

రవి:
నిలబడ్డారా?

పద్మ:
లేదు. ఈసారి అడిగితే నిలబడతాను. డైరీలు ముందు కాల్చేస్తాను.