డిస్లెక్సియా ఉన్న బాబుకి పదో తరగతి పరీక్షల్లో అదనపు సమయం ఎలా అడగాలి?

మాది విజయవాడ, సత్యనారాయణపురం. మా వాడు తొమ్మిది చదువుతున్నాడు. పాఠం చదివి వినిపిస్తే చాలు, మర్నాడు పొల్లుపోకుండా చెప్తాడు. అదే రాయమంటే ఒత్తులు ఎగిరిపోతాయి, ఇంగ్లీషులో బి, డి తారుమారు. మూడు గంటల పేపర్లో సగం కూడా రాయలేడు. డిస్లెక్సియా అని సైకాలజిస్టు రాసిచ్చారు. స్కూల్లో చూపిస్తే, "ట్యూషన్ పెట్టించండమ్మా, బద్ధకం వదులుతుంది" అన్నారు. ఏడవాలో నవ్వాలో తెలియలేదు.

2016 వికలాంగుల హక్కుల చట్టంలో ఈ సమస్య కూడా ఉంది. అదనపు సమయం, బదులు రాసే మనిషి, రెండో మూడో భాషల మినహాయింపు, అన్నీ 17వ సెక్షన్‌లోనే కనిపిస్తున్నాయి. కాగితం మీద సరే, చేతికి అందేదెలా?

ప్రైవేటు రిపోర్టు చాలదని, ప్రభుత్వాసుపత్రి సర్టిఫికెట్ కావాలని ఎవరో అన్నారు. దానికి ఇక్కడి పెద్దాసుపత్రికి వెళ్లాలా, గుంటూరు జీజీహెచ్‌కా? పరీక్షల విభాగానికి స్కూలు ద్వారానే పెట్టాలా, మేం నేరుగా పెట్టొచ్చా? మీ పిల్లలకి చేయించినవాళ్లుంటే ఎన్ని నెలల ముందు మొదలుపెట్టారో చెప్పండి. వాడికి మాత్రం రాసే మనిషి వద్దట, ఫ్రెండ్స్ ముందు సిగ్గు. టైమ్ ఒక్కటి ఇస్తే చాలంటున్నాడు. అలా విడిగా ఇస్తారాండీ?